వెనుక కమానుకట్టలు: అరిగినవానిని మార్చు విధము

సార్వా కోతలు సమీపించుచున్నవి. కోతయంత్రమునకు బాడుగ మాటలాడుకొనుట, గోనెసంచులు సమకూర్చుకొనుట, కళ్లము చదును చేయుట మున్నగు పనులను మన రైతులు ఒకరు చెప్పకయే జ్ఞాపకముంచుకొని చేసికొందురు. కాని ఆ ధాన్యమును, ఆ మనుష్యులను మోయు బండి క్రిందికి వంగి చూచువారు అరుదు. ఇంజను మొరాయించినచో బండి కదలదు గనుక వెంటనే బాగుచేయింతుము. కమానుకట్ట విరిగినను బండి నడచుచునే యుండును, కావున ఉపేక్షింతుము. ఈ ఉపేక్ష యెంత ప్రమాదకరమో తెలుపుటకును, కట్టలను మార్చు క్రమము వివరించుటకును ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మన డెల్టాలో ఈ విషయమునకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము గలదు. 1852లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి కాలువలు ఊరూరికిని ప్రాకినవి. ఆ కాలువల గట్లే యనేక గ్రామములకు బాటలైనవి. ఒక ప్రక్క నీరు, మరియొక ప్రక్క పల్లపు చేను, నడుమ ఇరుకుదారి. ఇట్టిచోట బండి మూరెడు ప్రక్కకు లాగిన చాలును.

మాకు గలిగిన యనుభవము

కొన్నియేండ్ల క్రిందట మేమొక పాత జీపులో విత్తనపు బస్తాలు వేసికొని కాలువగట్టుమీద పోవుచుంటిమి. అంతకు పదునైదు దినములు ముందునుండి వెనుక నెడమవైపున ఠక్కుమను చప్పుడు వినబడుచుండెను. విత్తనముల తొందరలో దానిని లెక్కచేయలేదు. ఎదురుగా గేదెలు రాగా బ్రేకు నొక్కితిమి. నొక్కగానే యెడమవైపు ఇరుసు తన చోటు తప్పి వెనుకకు జారెను. బండి ముఖము కుడివైపునకు, అనగా కాలువవైపునకు తిరిగెను. గట్టుమీది తాటిచెట్టు అడ్డము లేకున్నచో ఈ పాఠము వ్రాయువారుండెడివారు కారు. దిగి చూడగా యూబోల్టులు వదులై, కట్టను ఇరుసునకు కుదురుగా నిలుపు నడిమి బోల్టు తెగియుండెను. తప్పు పూర్తిగా మాదియే. ఒక్క పానా త్రిప్పుటతో తీరెడి పనిని పదునైదు దినములు వాయిదా వేసితిమి.

కమానుకట్ట యననేమి?

కమాను అనగా పారసీక భాషలో విల్లు. సన్నని ఉక్కు పట్టీలను విల్లువలె వంచి, పొడవైనదానిక్రింద క్రమముగా పొట్టివానిని పేర్చి, నడుమ ఒక బోల్టుతో కూర్చినది కమానుకట్ట. 1804లో ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ అను బండ్ల పనివాడు ఇట్టి కమానులను గుఱ్ఱపు బండ్లకు అమర్చుటకు పేటెంటు పొందెను. పూర్వము మన పట్టణవీధులలో తిరిగిన జట్కాబండ్ల క్రింద నున్నవియు ఈ జాతివే. రెండవ ప్రపంచయుద్ధమున పేరుపొందిన విల్లీసు జీపునకు నాలుగు చక్రములవద్దను ఇవియే. 1950వ దశకము చివరనుండి 2014 వరకు బెంగాలులోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు కారుకు వెనుక ఇవియే. అమెరికాలో 1964లో వెలువడిన ఫోర్డు ముస్టాంగు వంటి బలిష్ఠమైన ఇంజను గల కార్లకును ఆ కాలమున వెనుక ఇవియే యుండెను. అచ్చట పాత కార్లను ప్రీతితో కాపాడుకొనువారు చేయు పనియు, మన ఊరిలో అంబాసిడరునో జీపునో నిలుపుకొన్న రైతు చేయవలసిన పనియు ఒక్కటియే.

కట్టలోని భాగములను ఎఱుగుట యవసరము. అన్నిటికంటె పొడవైన మొదటి పట్టీకి రెండు కొనలయందును గుండ్రముగా చుట్టిన కన్నులుండును. ఆ కన్నులలో బుష్షులు కూర్చుండును. ముందు కన్ను బండి చట్రమునకు కదలకుండ బిగింపబడును. వెనుక కన్ను షాకిలు అను ఊగెడి తునుకకు తగిలింపబడును. బరువు పడినపుడు వంగిన కట్ట చదునై పొడవు పెరుగును. ఆ పెరిగిన పొడవునకు చోటిచ్చునది షాకిలు. కట్ట నడిమిభాగమును ఇరుసునకు పట్టి బంధించునవి యూబోల్టులు. పట్టీలు విడిపోకుండ ప్రక్కల నుండునవి క్లిప్పులు.

కమానుకట్ట పని కుదుపు తగ్గించుట మాత్రమే యని పలువురు తలంతురు. అది సగము మాట. ఇరుసును తన చోట నిలుపునదియు కట్టయే. చక్రము ముందుకు త్రోయు బలము, బ్రేకు వెనుకకు లాగు బలము, మలుపులో ప్రక్కకు నెట్టు బలము, ఈ మూడును మొదటి పట్టీ ద్వారముననే చట్రమునకు చేరును. కావుననే కట్ట చెడినపుడు కుదుపు పెరుగుటతో పోక, బండి దారియే తప్పును.

చెడుటకు కారణములు

1. అధికభారము. పట్టీ వంగి లేచిన ప్రతి సారియు లోహమున కొంత అలసట చేరును. మితిమీరి వంగినకొలది ఆ అలసట త్వరగా ముదిరి పగులుగా మారును.

2. వదులైన యూబోల్టులు. బిగువుగా నున్నంత కాలము కట్ట నడిమిభాగము వంగదు. వదులైనచో సరిగా బోల్టు రంధ్రమువద్దనే వంగును. రంధ్రమున్న చోటు బలహీనము గనుక అచ్చటనే పట్టీ విరుగును, లేదా నడిమి బోల్టు తెగును.

3. త్రుప్పు. పట్టీపై త్రుప్పు తిన్న చిన్న గుంటయే పగులునకు మొదలు. సముద్రతీరపు ఉప్పుగాలి, బురద, రొయ్యల చెరువులనుండి సరకు మోయునపుడు కారెడి ఉప్పునీరు మన ప్రాంతమున కట్టల ఆయువును తీయుచున్నవి.

4. బుష్షులు అరుగుట. రబ్బరు నశించినపుడు ఇనుము ఇనుముతో ఒరసికొని కన్ను పెద్దదగును.

5. క్లిప్పులు ఊడుట. గుంటలో పడి చక్రము క్రిందికి జారునపుడు, క్లిప్పులు లేనిచో మొదటి పట్టీ యొక్కటియే భారమును మోయవలసివచ్చును.

పరీక్షించు విధము

ఖర్చులేని పరీక్షలు కొన్ని చెప్పుచున్నాము. బండిని ఖాళీచేసి, టైర్లలో గాలి సమముగా నింపి, చదునైన నేలపై నిలుపవలెను.

మొదట, వెనుక చక్రపు నడిమినుండి పైన మడ్గార్డు అంచువరకు రెండు ప్రక్కలను టేపుతో కొలిచి వ్రాసికొనవలెను. ఒక ప్రక్క తక్కువయైనచో ఆ ప్రక్క కట్ట చదికిలబడినది. రెండును సమముగా తగ్గినచో ఈ కొలత చెప్పజాలదు. అప్పుడు కట్ట రూపమునే చూడవలెను. ఖాళీబండిలోనే కట్ట పూర్తిగా చదునుగానో, తలక్రిందుగా వంగియో యుండి, ఇరుసు పైనున్న రబ్బరు దిమ్మెకు తగులుచున్నచో అది పనికి కాలము చెల్లినది.

రెండవది, ముందు చక్రములను తిన్నగానుంచి, ముందు చక్రపు నడిమినుండి వెనుక చక్రపు నడిమివరకు రెండు ప్రక్కలను కొలువవలెను. తాపీవారి తూకపు గుండును నడిమినుండి వ్రేలాడదీసి నేలపై గుర్తు పెట్టి కొలిచిన తప్పు రాదు. రెండు కొలతలు భేదించినచో ఇరుసు చోటు తప్పినదని యెఱుగునది. ఎడమ చక్రము వెనుకకు జరిగినచో బండి కుడికిని, కుడి చక్రము వెనుకకు జరిగినచో ఎడమకును లాగును.

మూడవది, ఇనుప బ్రష్షుతో కట్టను శుభ్రపరచి పగలు వెలుతురులో ప్రతి పట్టీని చూడవలెను. అడ్డముగా సన్నని ఎఱ్ఱని గీత కనబడినచో అది పగులు. పట్టీల నడుమ తళతళలాడు ఒరపిడి గుర్తులున్నచో పట్టీ జారుచున్నదని యర్థము.

నాలుగవది, షాకిలువద్ద గునపపు కొన ఆనించి మెల్లగా ఎత్తవలెను. కన్నులో బోల్టు స్పష్టముగా కదలినచో బుష్షులు పోయినవి. కట్ట మంచిదై బుష్షులు మాత్రమే పోయినచో వానినే మార్చిన చాలును. అనవసరముగా కట్టను కొనరాదు.

కొత్తవి కొనునప్పుడు

ఒక ప్రక్కది మాత్రమే విరిగినను రెండు ప్రక్కలను జతగా మార్చుటయే మేలు. కొత్త కట్ట యెత్తుగాను, పాతది క్రుంగియు నుండి బండి ఒరుగును. కట్టలతోపాటు బుష్షులు, నడిమి బోల్టులు, యూబోల్టులు, వాని నట్లు కొత్తవే కొనవలెను. ఒకసారి బిగించిన యూబోల్టు సాగియుండును. మరల బిగించినను పూర్వపు పట్టు నిలువదు.

పాత కట్టను అంగడికి తీసికొనిపోయి ప్రక్కప్రక్కన నుంచి పోల్చుట ఉత్తమము. పట్టీల వెడల్పు, మందము, లెక్క, కన్నుల కొలత చూడవలెను. ముఖ్యముగా నడిమి బోల్టునుండి ముందు కన్నుకు, వెనుక కన్నుకు గల దూరములను వేర్వేరుగా కొలువవలెను. అనేక కట్టలలో ఈ రెండు దూరములు సమముగా నుండవు. కొత్తది పాతదానికంటె ఎక్కువగా వంగియుండుట సహజము.

గట్టిదనముకొఱకు మందమైన పట్టీలు వేయుమని కొందరు సలహా చెప్పుదురు. ఇచ్చట కొంచెము లెక్క తెలియవలెను. ఐదు పట్టీల కట్టకు అదే మందము గల పట్టీ మరియొకటి చేర్చినచో గట్టిదనము ఐదవవంతు మాత్రము పెరుగును. కాని పట్టీ మందము పెరిగినచో గట్టిదనము ఆ మందము ఘనముచొప్పున పెరుగును. 7 మిల్లీమీటర్ల పట్టీలకు బదులు 8 మిల్లీమీటర్లవి వేసినచో ఘనములు 343, 512. అనగా గట్టిదనము ఇంచుమించు ఒకటిన్నర రెట్లగును. అప్పుడు కట్ట వంగదు. ఆ దెబ్బ చట్రమునకును, మనుష్యుల నడుములకును తగులును. త్రుప్పు పట్టిన పాత చట్రము పగులుట ఇందువలననే.

పనిముట్లు

బలమైన జాకీలు రెండు, ఇనుప స్టాండ్లు రెండు, చక్రములకు అడ్డుకట్టెలు, పానాలు, సుత్తి, ఉలి, గునపము, ఇనుప బ్రష్షు కావలెను. జాకీని నమ్మి బండిక్రింద దూరరాదు. ఇటుకలు, కొబ్బరి మొద్దులు స్టాండ్లకు బదులు పనికిరావు. ఇటుక ముందు హెచ్చరిక లేకయే పొడియగును, మొద్దు దొరలును. స్టాండ్లు ప్రతి యింటను కొననక్కరలేదు; సంఘమున నొక జత యున్నచో సభ్యులందరకును చాలును.

ముందునాటి సాయంకాలమే నట్లను బ్రష్షుతో తోమి, కిరసనాయిలు కలిపిన ఇంజను నూనె పోసి నాననీయవలెను. ఈ నూనెను రబ్బరు బుష్షులు తిరిగి వాడదలచినచో వానికి తగులనీయరాదు. నూనె రబ్బరును ఉబ్బించి చెడగొట్టును.

మార్చు క్రమము

1. గట్టి చదును నేలపై బండిని నిలిపి, ముందు చక్రములకు ముందును వెనుకను అడ్డుకట్టెలు పెట్టవలెను. వెనుక చక్రములు నేల విడిచిన పిదప చేతిబ్రేకు బండిని ఆపునని నమ్మరాదు. నేల మెత్తనైనచో జాకీక్రిందను స్టాండ్లక్రిందను మందమైన పలక పరువవలెను.

2. చక్రపు నట్లను నేలమీద నుండగనే కొంచెము వదలించి, పిదప బండిని ఎత్తవలెను. స్టాండ్లను కట్ట ముందు కన్ను బిగింపునకు ముందు, చట్రపు బలమైన చోట నుంచవలెను, ఇరుసుక్రింద నుంచరాదు. బండిని చేతితో కదిపి చూచి, స్థిరమని తోచిన పిదపనే చక్రములను విప్పవలెను.

3. రెండవ జాకీని ఇరుసుక్రింద నుంచి, కట్టపై బరువు పడకుండను, ఇరుసు వ్రేలాడకుండను ఆనించవలెను. షాకు అబ్జార్బరు క్రింది కొనను విడదీయవలెను. బ్రేకు గొట్టము, చేతిబ్రేకు తీగ లాగబడకుండ కనిపెట్టియుండవలెను. ఇరుసు బరువు బ్రేకు గొట్టముపై పడినచో అది లోపల చినిగి, పైకి మంచిదిగనే కనబడును.

4. ఒకసారి ఒక ప్రక్కనే విప్పవలెను. రెండవ ప్రక్క కట్ట ఇరుసును తన చోట నిలిపియుంచును. రెండును ఒక్కసారి విప్పినచో ఇరుసు దొరలి కాళ్లమీద పడవచ్చును.

5. కట్ట ఇరుసునకు పైనున్నదో క్రిందనున్నదో, పలక ఎట్లు కూర్చున్నదో గుర్తు పెట్టుకొని యూబోల్టులు విప్పవలెను. పిమ్మట షాకిలు బోల్టులు, కడపట ముందు కన్ను బోల్టు. రానిదానిని ఉలితో గాని, రంపముతో గాని కోయవలెను. గ్యాసు మంట పెట్టరాదు. పెట్రోలు తొట్టియు గొట్టములును దగ్గరలోనే యుండును.

6. కట్ట వచ్చిన పిదప చట్రముపైనున్న బిగింపులను తోమి, సుత్తి కొనతో తట్టి చూడవలెను. త్రుప్పు తిని పొరలు రాలుచున్నచో ముందు దానిని బాగుచేయింపవలెను. కుళ్లిన గోడకు కొత్త తలుపు పెట్టి ప్రయోజనము లేదు.

7. కొత్త కట్ట ముందుకొన ముందుకే యున్నదని మరల చూచి, ముందు కన్నును, పిదప షాకిలును బోల్టులు జారిపోనంతమాత్రము వదులుగా తగిలింపవలెను. ఇరుసును జాకీతో సర్దుచు, నడిమి బోల్టు తల ఇరుసు పీటలోని రంధ్రమున సరిగా దిగునట్లు చేయవలెను. ఈ తల దిగకుండ బిగించినచో మాకు జరిగినదే మీకును జరుగును.

8. యూబోల్టుల నాలుగు నట్లను ఎదురెదురుగా, కొంచెము కొంచెముగా బిగింపవలెను. ఒకటి పూర్తిగా బిగించి మరియొకటి పట్టుకొనరాదు. టార్కు పానా యున్నచో ఆ బండి పుస్తకములో చెప్పిన లెక్కకు బిగించుట మంచిది.

9. రెండవ ప్రక్కయు నిట్లే చేసి, షాకు అబ్జార్బర్లను తగిలించి, చక్రములు పెట్టి బండిని నేలకు దింపవలెను. కన్నుల బోల్టులను, షాకిలు బోల్టులను పూర్తిగా బిగించునది ఇప్పుడే. బండి వ్రేలాడుచుండగా బిగించినచో రబ్బరు బుష్షు ఆ స్థితిలోనే పట్టుకొనును. బరువు పడగానే అది మెలిపడి కొద్దికాలములోనే చినుగును. పలువురు మెకానిక్కులు తొందరలో విడుచు మెట్టు ఇదియే. పాత జీపులలో కొన్నిటికి రబ్బరునకు బదులు లోహపు బుష్షులుండును. వానికి గ్రీజు తప్పక పట్టింపవలెను.

మార్చిన పిదప

చక్రముల నడిమి దూరములను రెండు ప్రక్కలను మరల కొలిచి, సమముగా నున్నవని నిశ్చయపరచుకొనవలెను. బ్రేకులను నిలుకడమీద నొక్కి చూచి, పిదప ఖాళీబండిని మెల్లగా నడిపి చూడవలెను. వెనుకభాగము లేచుటచే ముందు దీపముల వెలుగు క్రిందికి వాలును, దానిని సరిచేసికొనవలెను. నూఱు, రెండు నూర్ల కిలోమీటర్లు నడచిన పిదప యూబోల్టులను మరల బిగింపవలెను. కొత్త పట్టీలు ఒకదానిపై నొకటి సర్దుకొని బిగువు సడలుట సహజము. బురదలో తిరిగిన దినమున మంచినీటితో కట్టలను కడుగుట చిన్నపని. దాని లాభము పెద్దది.

చేయరాని పనులు

విరిగిన పట్టీని వెల్డింగు చేయింపరాదు. క్రుంగిన కట్టను కొలిమిలో కాల్చి వంపు పెట్టింపరాదు. కమాను ఉక్కును సుమారు 850 డిగ్రీలకు కాచి, నూనెలో ముంచి, మరల 450 నుండి 500 డిగ్రీలవరకు కాచి పదును కుదుర్తురు. కొలిమిలో ఈ వేడిని కొలుచు సాధనముండదు. కాలిన పట్టీ మెత్తనై మరల క్రుంగును, లేదా పెళుసై పుటుక్కున విరుగును. కమ్మరి నేర్పులో లోపమని మేమనుట లేదు. కొడవలికి పెట్టు పదును వేరు, కమానునకు పెట్టు పదును వేరు.

బరువు లెక్క

మన ప్రాంతపు ధాన్యపు బస్తా 75 కిలోలు. పది బస్తాలు 750 కిలోలు. విల్లీసు జీపు పావుటన్ను వర్గపు బండి. అనగా ఇంచుమించు మూడు బస్తాల మోత. అంబాసిడరు మనుష్యుల కొఱకు చేసినదే కాని ధాన్యము కొఱకు కాదు. తడిసిన ధాన్యమైనచో బస్తాల లెక్క మోసగించును, తూకమునే నమ్మవలెను. కొత్త కట్టలు వేసినంతమాత్రమున మోత పెరిగినదని తలపరాదు; బ్రేకులు, టైర్లు, ఇరుసు పాతవే గదా. ఒక ట్రిప్పు తగ్గించుటకై వేసిన రెండు బస్తాలు వెనుక కూర్చున్న కూలీల ప్రాణముమీదికి తెచ్చును.

పునశ్చరణ ప్రశ్నలు

1. కమానుకట్ట వెనుక కొనకు షాకిలు ఎందుకు కావలెను?
2. యూబోల్టులు వదులైనచో పట్టీ నడుమనే యేల విరుగును?
3. రెండు ప్రక్కల కట్టలను ఒక్కసారి యేల విప్పరాదు?
4. కన్నుల బోల్టులను బండి నేలకు దిగిన పిదపనే యేల బిగింపవలెను?
5. మీ బండి యెన్ని బస్తాలు మోయదగును? గత పంటకు ఎన్ని మోసినది?

కడపటి ప్రశ్నకు ఉత్తరము ప్రతి సభ్యుడును తన మనస్సులోనే చెప్పుకొనవచ్చును. కోతలకు ముందు ఒక ఉదయము ఈ పరీక్షలకై కేటాయింపుడని మా మనవి. టేపు, తూకపు గుండు, ఒక గంట కాలము, ఇంతియే ఖర్చు.